యుద్ధకాలంలో రైలు కంపెనీల లెక్కలు
(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పోయినసారి మనం కూర్చున్నప్పుడు సాంచాల ఖాతా నుండి ఒక తమ్ముడు లేచి, "కంపెనీ లాభాల్లో ఉందని లెక్కల్లో చూపిస్తారు. సాంచాకు సామాను అడిగితే డబ్బు లేదంటారు. రెండూ నిజం ఎలా అవుతాయన్నా?" అని అడిగాడు. ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇవాళ మిమ్మల్ని కాసేపు రెండవ ప్రపంచ యుద్ధం నాటి బ్రిటన్‌కు తీసుకుపోతాను. అక్కడి రైలు కంపెనీల లెక్కల్లో ఈ ప్రశ్నకు జవాబుంది.

అప్పట్లో అక్కడ రైళ్లు ప్రైవేటు కంపెనీలవే. పెద్దవి నాలుగు, వాటికి తోడు లండన్ రవాణా బోర్డు. 1939 సెప్టెంబరు 1న, యుద్ధం ప్రకటించడానికి రెండు రోజుల ముందే, ప్రభుత్వం వాటిని తన అదుపులోకి తీసుకుంది. ఆస్తి మాత్రం వాటాదారులదే. మరి వచ్చే డబ్బు ఎవరిది?

1940లో మొదటి ఒప్పందం కుదిరింది. కంపెనీల రాబడి అంతా ఒకేచోట పోస్తారు. ఏటా సుమారు 4 కోట్ల పౌండ్లకు ప్రభుత్వం హామీ. అంతకు మించి వస్తే కొంత మేరకు సగం సగం. ఖర్చులు పెరిగితే ఛార్జీలు పెంచుకోవచ్చు. పెంచారు కూడా: మే నెలలో నూటికి 10, డిసెంబరు నాటికి అది 16 దాటింది. బాంబుల వల్ల జరిగిన నష్టాన్ని కూడా కొంతవరకు నడుపుడు ఖర్చులో రాసుకోవచ్చన్నారు. అంటే హిట్లర్ వేసిన బాంబుకు టికెట్టు కొన్నవాడు డబ్బు కట్టాలన్నమాట! దీనిపై విమర్శలు వచ్చాయి. ధరలు అదుపు తప్పుతాయని ప్రభుత్వానికీ భయం పట్టుకుంది.

1941లో ఒప్పందం మార్చారు. ఇకపై కంపెనీలకు ఏటా 4 కోట్ల 30 లక్షల పౌండ్ల పైచిలుకు, ఒక రకంగా అద్దె. ఎక్కువ మిగిలితే ప్రభుత్వానిది, తక్కువైతే ప్రభుత్వమే భరించాలి. ఛార్జీలను 1946 దాకా మళ్లీ పెంచలేదు.

సైన్యం, బొగ్గు, తుపాకులు అన్నీ రైలు మీదనే. సరుకు రవాణా యుద్ధానికి ముందుకంటే దాదాపు ఒకటిన్నర రెట్లయింది. 1943లో నికర రాబడి 10 కోట్ల పౌండ్లు దాటింది, అద్దెకు రెట్టింపు పైన. కాగితం మీద చూస్తే అంత బంగారు కాలం రైళ్లకు మునుపెన్నడూ లేదనిపిస్తుంది.

ఇక్కడే ఆగి చూడాలి. ఆ లాభం ఎక్కడిది? పట్టాలు కొత్తవి కావు, ఇంజన్లు ఎక్కువ భాగం పాతవే. రైల్వే వర్క్‌షాపుల్లో ఇంజన్ల మరమ్మతుతో పాటు ట్యాంకులు, ఫిరంగుల భాగాలు కూడా చేయించారు. మగవాళ్లు వేల సంఖ్యలో సైన్యానికి పోతే లక్ష మందికి పైగా స్త్రీలు ఆ పనుల్లో నిలబడ్డారు. మార్చాల్సిన స్లీపరును మార్చలేదు, వేయాల్సిన పట్టాను వేయలేదు. దానికోసం లెక్కల్లో డబ్బు పక్కన పెట్టారు, అబద్ధం కాదు. కానీ ఉక్కు లేదు, కలప లేదు, చేసే మనుషులు లేరు. నిధి పెరుగుతూ పోయింది, పట్టా అరుగుతూ పోయింది. విత్తనాలు వండుకు తిన్న ఇంట్లో కూడా ఆ పూట కడుపు నిండుతుంది కదా!

కార్మికుల సంగతి కూడా చెప్పాలి. వాటాదారుడికి ఒక్క ఒప్పందంతో యుద్ధమంతా హామీ దొరికింది. కార్మికుడు మాత్రం ధరలు పెరిగినప్పుడల్లా యూనియన్ ద్వారా యుద్ధ భత్యానికి మళ్లీ మళ్లీ బేరమాడాల్సి వచ్చింది. మేం సంపాదించినదంతా ప్రభుత్వం పట్టుకుపోయిందని వాటాదారులు వాపోయారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ తర్వాత జరిగింది వినండి.

1948 జనవరి 1న రైళ్లు జాతీయమయ్యాయి. చేతికొచ్చిన ఆస్తి చాలా నాసిరకమని ఆర్థిక మంత్రి హ్యూ డాల్టన్ అంతకుముందే పార్లమెంటులో అన్నాడు. అయినా నష్టపరిహారాన్ని కట్టింది పట్టాలు ఎంత అరిగాయో చూసి కాదు, 1946 నవంబరులో షేర్ బజారులో ఉన్న ధర చూసి. రైలు కంపెనీల వాటాదారులకు 92 కోట్ల పౌండ్లకు పైగా బాండ్లు, నూటికి 3 వడ్డీ. ఏటా వడ్డీయే రెండున్నర కోట్లు దాటుతుంది. ఆ భారం కొత్త రవాణా కమిషన్ మీద పడింది. అరిగిన పట్టాల మీద రైలు నడిపి ఆ వడ్డీని సంపాదించాల్సింది మాత్రం పాత కార్మికులే.

కాబట్టి తమ్ముడూ, లాభమూ నిజమే, సామాను లేకపోవడమూ నిజమే. ఒకదాని కడుపులో ఇంకొకటి ఉంది. మన కంపెనీ వార్షిక నివేదిక ఒక ప్రతి సంపాదించాను. తరుగుదల కింద రాసినదెంత, నిజంగా యంత్రాల మీద పెట్టినదెంత అనే రెండు అంకెలు వెతుకుదాం. మూడేళ్లవి పక్కపక్కన రాసుకుంటే చాలు. వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఇక్కడే. కళ్లద్దాలున్నవాళ్లు తెచ్చుకోండి, అచ్చు చాలా సన్నగా ఉంది.