విశాఖ తీరాన 1971 జ్ఞాపకం

మన పెండ్లిమర్రి వైపు నుంచి పిల్లల్ని విశాఖ టూరుకు తీసుకుపోతే, బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని తప్పక చూపించండి. లోపల మనిషి వెనక మనిషి నడవాల్సినంత సన్నటి దారి. టార్పెడోల పక్కనే నావికుల పడకలు. ఎండాకాలం మిద్దె మీద మంచమేసుకుని పడుకునే మనకు అక్కడ ఊపిరాడదు! 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో గస్తీ తిరిగి, 2001లో విశ్రాంతి తీసుకున్న ఓడ అది.

అక్కడికి దగ్గర్లోనే ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం. డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవం నాడు, అమరులకు అక్కడ నివాళులర్పిస్తారు. 1971లో డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ ముంగిటే మునిగిపోయింది. మన రాజ్‌పుత్ నౌక దెబ్బకేనని మనవాళ్లు, లోపలి పేలుడు వల్లనని వాళ్లు. ఆ వాదన ఇంకా తెగలేదు. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సేన లొంగిపోయింది. దాదాపు 93 వేల మంది బందీలయ్యారు. మనకది విజయ్ దివస్, బంగ్లాదేశ్‌కు జాతీయ సెలవు.

యుద్ధాలను ఒక్కో దేశం ఒక్కో తీరుగా గుర్తు చేసుకుంటుంది. రష్యా మే 9న రెడ్ స్క్వేర్‌లో కవాతు చేస్తుంది. బ్రిటన్ నవంబరు 11న, ఉదయం 11 గంటలకు రెండు నిమిషాలు మౌనం పాటిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జపాన్‌లోనూ ఆగస్టు 15 మధ్యాహ్నం మౌనమే. కవాతుకంటే ఆ మౌనమే నాకు నచ్చుతుంది. గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ అది సరిపోతుంది.

అన్నట్టు, కురుసురకు సోమవారం సెలవు.