చేపల పురిటిల్లు



75 ఏళ్ళ వేడుక జరుపుకొంటున్న ఈ పాఠశాలలో తరతరాల పిల్లలు త్రాగినది తుంగభద్ర నీరు. ఆ నది కర్నూలు మీదుగా సాగి కృష్ణలో కలుస్తుందని పిల్లలందరూ చదువుతారు. అది పుట్టినచోట ఏమి జరిగినదో ఎరిగినవారు తక్కువ.

తుంగ, భద్ర పడమటి కనుమలలోని గంగామూల వద్ద జన్మించి కూడలి వద్ద ఏకమవుతాయి. భద్ర ఎగువన, కుద్రేముఖ్ కొండలలో, 1976లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఇనుప ఖనిజాన్ని త్రవ్వింది. ఖనిజాన్ని పిండిచేసి, ఇనుప పాలు ఎక్కువగా ఉన్న భాగాన్ని నీటితో కలిపి, గొట్టాల ద్వారా మంగళూరు తీరానికి పంపేవారు. మిగిలిన మెత్తని వ్యర్థాన్ని లఖ్యా వాగుపై కట్టిన ఆనకట్ట వెనుక నిలువచేశారు. సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన తీర్పు ననుసరించి 2005 చివరలో త్రవ్వకం ఆగినది. వ్యర్థం మాత్రం అక్కడే ఉన్నది.

మహసీర్ వంటి చేపలు పారే తేటనీటిలో, గులకరాళ్ళ నడుమ గ్రుడ్లు పెడతాయి. రాళ్ళ సందులలో కదిలే నీరు గ్రుడ్లకు ప్రాణవాయువు నందిస్తుంది. కొండవాలు నుండి సన్నని మన్ను కొట్టుకొనివస్తే ఆ సందులు పూడిపోతాయి; గ్రుడ్డు ఊపిరాడక నశిస్తుంది. పెద్ద చేప చచ్చి తేలితే ఊరంతా చూస్తుంది. గ్రుడ్డు చస్తే ఎవరికీ తెలియదు. అనేక నదీ మత్స్యాలకు వానకాలమే పురిటికాలము. మన్ను వాగులలోకి దిగేదీ ఆ కాలముననే.

శృంగేరిలో తుంగ ఒడ్డున, తీర్థహళ్ళి సమీపాన చిప్పలగుడ్డెలో చేపలను పట్టరు. అది భక్తి చేసిన మేలు. కాని గాలాన్ని ఆపిన భక్తి బురదను ఆపలేదు. అందుకు వేరు శ్రమ కావాలి. ఆనకట్టను ఏటా వానలకు ముందు, తరువాత పరీక్షించాలి. పాత గని వాలులపై ఆ కొండలకు సహజమైన గడ్డిని, చెట్లను పెంచాలి. వాగులలో మన్ను నిలిచే గుంటలు త్రవ్వి, ఎండాకాలంలోనే పూడిక తీయాలి. చేపలు గ్రుడ్లు పెట్టేచోట ఇసుకను, గులకరాళ్ళను తరలించరాదు.

ఆ గని పనిచేసినది సుమారు 25 ఏళ్ళు. ఈ పాఠశాల వయస్సు అందుకు మూడింతలు. వ్యర్థానికి కాపలా కాయవలసిన కాలం ఈ రెండింటికంటె దీర్ఘమైనది. సంస్థలు మారుతాయి, అధికారులు బదిలీ అవుతారు. నది ఒడ్డున మిగిలేది ప్రజలే. ఎగువన ఏమున్నదో ఎరిగి, ప్రశ్నించి, పాటుపడే పౌరులు ఇటువంటి బడులనుండే రావాలి. శతజయంతినాటి పిల్లలకు కూడ తేటనీరు, అందులో చేపపిల్లలు కనబడుగాక.