ఓడ అడుగున వచ్చే మన చుట్టం: సీ స్క్విర్ట్

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. చేపకి, కప్పకి, కోడికి, మనిషికి వెన్నెముక ఉంది. మరి వెన్నెముక లేని జంతువుల్లో మనకు అన్నిటికంటే దగ్గరి చుట్టం ఏది? పీతా? రొయ్యా? ఆక్టోపస్సా? ఈ మూడూ కావు. రేవులో స్తంభానికో, నానిన తాడుకో అంటుకుని తోలుసంచిలా కనిపించే ఒక ప్రాణి ఉంది. చేత్తో నొక్కితే పిచికారీ కొట్టినట్టు నీళ్లు చిమ్ముతుంది. అందుకే దాన్ని సీ స్క్విర్ట్ అంటారు.

డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. హెర్డ్‌మానియా గుర్తుందా? తిరోగమన రూపవిక్రియ అని బట్టీపట్టి పరీక్షలో రాస్తారే, అది ఈ వర్గంలోదే. మన దేశంలో ఎస్.ఎం. దాస్ 1936లోనే దాని మీద ఒక పుస్తకం రాశారు.

ఇంతకీ ఈ సంచికి, మనకి చుట్టరికం ఎట్టా కుదిరింది? పెద్దయ్యాక చూస్తే అర్థం కాదు, పిల్లప్పుడు చూడాలి. దీని లార్వా అచ్చం తోకకప్పలా ఉంటుంది. తోకలో పృష్ఠవంశం అనే కడ్డీ, దాని పైన నాడీదండం ఉంటాయి. మన అందరికీ తల్లికడుపులో మొదట ఏర్పడేది ఇదే నిర్మాణం. 1866లో రష్యా శాస్త్రవేత్త అలెగ్జాండర్ కోవలేవ్‌స్కీ ఈ సంగతి బయటపెట్టాడు. అయిదేళ్ల తర్వాత డార్విన్ కూడా మనిషి పుట్టుక గురించిన తన పుస్తకంలో దీన్ని ప్రస్తావించాడు. 2006లో జన్యువులు పోల్చి చూశాక, వెన్నెముక జీవులకి బతికున్న అతి దగ్గరి బంధువులు ఈ ట్యూనికేట్‌లేనని తేలింది.

లార్వా కొద్దిసేపు ఈది, తలతో ఒక గట్టి వస్తువుకి అతుక్కుంటుంది. తోక కరిగిపోతుంది, పృష్ఠవంశం పోతుంది. ‘తన మెదడు తానే తినేస్తుంది’ అని రీల్స్‌లో చూసుంటారు. అది సగమే నిజం. లార్వా మెదడు కరిగిపోయే మాట వాస్తవమే, కానీ పెద్ద జీవికి పనికొచ్చే నాడీముడి కొత్తగా తయారవుతుంది. ఆ తర్వాత జీవితమంతా ఒక రంధ్రం నుంచి నీళ్లు లోపలికి లాగడం, అందులోని సూక్ష్మజీవుల్ని వడకట్టి తినడం, ఇంకో రంధ్రం నుంచి బయటికి వదలడం. అంతే పని.

కానీ తక్కువ అంచనా వేయకండబ్బా. పత్తిలో ఉండే సెల్యులోజ్ తెలుసు కదా? జంతువుల్లో దాన్ని సొంతంగా తయారుచేసుకునేవి ఇవే. ఆ జన్యువు ఎప్పుడో బ్యాక్టీరియా నుంచి వచ్చిందంటారు. దీని గుండె కాసేపు ఒక వైపు రక్తాన్ని తోసి, ఆగి, మళ్లీ ఎదురు వైపు తోస్తుంది. కరీబియన్ సముద్రంలోని ఒక రకం నుంచి దొరికిన ట్రాబెక్టెడిన్ అనే మందుని కేన్సర్ చికిత్సలో వాడుతున్నారు. యూరప్‌లో 2007లో, అమెరికాలో 2015లో దానికి అనుమతి వచ్చింది.

రకాలు దాదాపు 3,000. కొన్ని ఒంటరిగా ఉంటాయి. కొన్ని వందలకొద్దీ కలిసి ఒకే దుప్పటిలా పరుచుకుంటాయి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. లార్వా ఈదేది చాలా రకాల్లో కొన్ని గంటలు, మహా అయితే ఒకట్రెండు రోజులు. పెద్దది కదల్లేదు. మరి సముద్రాలు ఎట్టా దాటింది? ఓడ అడుగున అతుక్కుని, మనతోనే. జపాన్, కొరియా వైపు ఉండే స్టైలా క్లావా అనే రకం 1953లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ దగ్గర కనిపించింది. తర్వాత కెనడాలో ఆల్చిప్పలు పెంచే తాళ్లని కప్పేసి రైతుల్ని ఏడిపించింది. కొరియాలో దాన్నే కూర వండుకుంటారు. మన హెర్డ్‌మానియా కూడా తక్కువది కాదు, సూయెజ్ కాలువ గుండా మధ్యధరా సముద్రంలోకి చేరింది.

మరి మన నెల్లూరు సంగతేంది? మైపాడు వెళ్లినా, కోడూరు వెళ్లినా కనిపించేది ఇసుకే. చాలా రకాల సీ స్క్విర్ట్‌లకి ఇసుక పనికిరాదు. ఇసుక కదిలిపోతుంది, వాటికి గట్టి పట్టు కావాలి. ఒడ్డుకి లాగి ఎండలో పెట్టే ఫైబర్ పడవల మీదా బతకలేదు. పైగా పెన్నాకి వరదొచ్చినప్పుడు తీరంలో ఉప్పు తగ్గిపోతుంది, అది చాలా రకాలకి పడదు. అంటే ప్రకృతి మన తీరానికి ఒక కాపలా పెట్టింది.

ఆ కాపలా దగ్గర తలుపు తీసేది మనమే. 2008లో కృష్ణపట్నంలో ఆధునిక పోర్టు మొదలైంది. జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్ కట్టారు. రాళ్ల గోడలు, కాంక్రీటు స్తంభాలు, నీళ్లలోనే నిలబడే బోట్లు... ఇవన్నీ ఇసుక తీరంలో కొత్తగా వచ్చిన గట్టి చోట్లు. పోర్టులు వద్దని నేననడం లేదు, వాటితో వేలమందికి పని ఉంది. కానీ తూత్తుకుడి, విళింజం లాంటి దక్షిణాది హార్బర్లలో బయటి రకాలు ఇప్పటికే నమోదయ్యాయి. అక్కడికి వచ్చింది ఇక్కడికి రాదని ధీమాగా ఉండలేం.

వస్తే నష్టం ఎవరికి? బోటు అడుగు గరుకైతే నీళ్లు అడ్డం పడతాయి, డీజిల్ ఎక్కువ తాగుతుంది. చేపలు పెంచే కేజ్ వలలకి పడితే కళ్లు మూసుకుపోయి లోపలికి మంచి నీరు అందదు. రెండు దెబ్బలూ మత్స్యకారుడికే.

ఓడల్లో నింపే బ్యాలస్ట్ నీటి మీద అంతర్జాతీయ ఒప్పందం 2017 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. కానీ సీ స్క్విర్ట్ ఎక్కువగా వచ్చేది ఓడ ఒంటికి అంటుకుని. దాని మీద ఉన్నవి 2011లో ఇచ్చి 2023లో సవరించిన మార్గదర్శకాలే. అవి సలహాలు మాత్రమే, తప్పనిసరి కాదు.

మన చేతిలో ఉన్నవి రెండు పనులు. ఒకటి, మీ ఇంట్లో బోటు ఉంటే అడుగు గీకిన చెత్తని మళ్లీ నీళ్లలో వేయొద్దని నాన్నకో, మామకో చెప్పండి. దుప్పటిలా పెరిగే రకాల్లో చిన్న ముక్క కూడా మళ్లీ అతుక్కుని పెరుగుతుంది. ఒడ్డున ఎండబెట్టి పారేస్తే చాలు. రెండు, హార్బర్‌లో తాడు మీదో బోటు మీదో ఇట్టాంటిది కనిపిస్తే ఫొటో తీసి, తేదీ, చోటుతో ఐనేచురలిస్ట్ యాప్‌లో పెట్టండి. అనుమతి లేని చోట్లకి మాత్రం వెళ్లొద్దు. ఎక్కడ, ఎప్పుడు వచ్చిందో ముందే తెలిస్తే, పాకకముందే ఆపొచ్చు.

మీ ఊళ్లో దీన్ని ఏమని పిలుస్తారో కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.