ఐడీ బ్లాక్ అంటే ఏమిటి?

(శ్రామిక మహిళల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



'కంప్యూటర్' అన్న మాట మొదట యంత్రానిది కాదు, మనిషిది. లెక్కలు కట్టే ఉద్యోగిని ఇంగ్లీషులో అలా పిలిచేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో ఆ పని చేసినవాళ్లలో చాలామంది స్త్రీలే. యంత్రం వచ్చి పనితో పాటు పేరునూ తీసుకుంది. అప్పుడు పోయింది పేరు. ఇవాళ సెల్‌ఫోన్ యాప్ ద్వారా పనిచేసే స్త్రీల విషయంలో మాట మారితే హక్కే పోతోంది.

ఇళ్లకు వెళ్లి ఫేషియల్, వాక్సింగ్ చేసే అమ్మాయిని కంపెనీ 'పార్ట్‌నర్' అంటుంది. అంటే భాగస్వామి. లాభంలో భాగముందా? లేదు. రేటు నిర్ణయించేది ఆమె కాదు, కమీషన్ ఎంతో చెప్పేదీ ఆమె కాదు. కిట్టు కొనుక్కోవడానికి మాత్రం డబ్బు ఆమెదే! రేటింగ్ తగ్గినా, వచ్చిన పని వద్దన్నా 'ఐడీ బ్లాక్'. ఈ మాటను కాస్త విడదీసి చూడండి. మనిషిని పనిలోంచి తీసేశామని అందులో ఎక్కడా లేదు. ఆగిపోయింది ఒక నంబరు, అంతే. తీసేసినవాళ్లెవరో కనబడరు గనుక ఎవరిని నిలదీయాలో తెలియదు.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 'రిట్రెంచ్‌మెంట్' అనే మాట ఉండేది. ఏడాది పనిచేసిన కార్మికురాలిని అలా తీసేయాలంటే నెల రోజుల నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం ఇవ్వాలి. 2025 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన కోడ్‌లోనూ ఆ మాట ఉంది. 'బ్లాక్' అన్న మాట లేదు. పైగా 2020 సామాజిక భద్రతా కోడ్ 'గిగ్ వర్కర్' అనే కొత్త మాటను తెచ్చి, ఆమె పని సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపలిదని నిర్వచించింది. పేరు దక్కింది గానీ యజమాని దక్కలేదు.

2021 అక్టోబరులో గురుగ్రామ్‌లో అర్బన్ కంపెనీ ఆఫీసు ముందు బ్యూటీషియన్లు కమీషన్ల మీద ధర్నా చేశారు. 2023 జూలైలో పలు నగరాల్లో మళ్లీ రోడ్డెక్కినప్పుడు వాళ్లు ఎత్తిన ప్రధాన సమస్య ఐడీ బ్లాకులే. కర్ణాటక 2025లో చేసిన చట్టం, రాతపూర్వకంగా కారణం చెప్పి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలంటోంది.

అందుకని ఫిర్యాదులో 'ఐడీ బ్లాకైంది' అని మాత్రమే రాయకండి. ఫలానా తేదీన, నోటీసు లేకుండా, కారణం చెప్పకుండా పని నుంచి తొలగించారు అని రాయండి. ఫోన్‌లో వచ్చిన మెసేజ్‌కి ఫొటో తీసి జతచేయండి. మీ సంపాదన లెక్కను నెలనెలా నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఐడీ ఆగాక యాప్ తెరుచుకోకపోతే ఆ లెక్క అందులోనే ఉండిపోతుంది.