సగా అడిగినట్టే రక్తం సంగతీ అడుగుదాం



చిన్ననాటి స్నేహం గురించి మాట్లాడమని సంఘం వాళ్లు మమ్మల్ని పిలిచారు. మేము ఆశ్రమ పాఠశాలలో ఒకే గదిలో పెరిగినవాళ్లం. ఇప్పుడు మాలో ఒకరు అంగన్‌వాడీ టీచర్, ఒకరు ఆశా కార్యకర్త, ఒకరు హాస్టల్ వార్డెన్, ఇద్దరు చేను చేసుకునేవాళ్లు. మొత్తం ఐదుగురం. చిన్నప్పుడు ఆరుగురం.

ఆ ఆరో అమ్మాయికి చలికాలం వస్తే కాళ్లు, చేతులు, నడుము విరిగిపోతున్నట్టు నొప్పి. కళ్లు పచ్చబడేవి. రాత్రంతా మూలిగేది. మేము వంతులవారీగా కాళ్లు పట్టేవాళ్లం. ఏడో తరగతి సెలవులకు ఇంటికి పోయింది, మళ్లీ రాలేదు. ఊళ్లో చేతబడి అన్నారు. నింద ఒక ముసలమ్మ మీద పడింది. ఆ తర్వాత ఆమె ఇంటి ముందు నుంచి కూడా ఎవరూ నడవలేదు. మాలో ఎవరికి మోకాలు నొప్పి పుట్టినా, ఇక మన వంతు వచ్చిందని ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టేది కాదు.

చదువులయ్యాక తలో ఊరు అయ్యాం. ఏళ్ల తర్వాత పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరలో ఐదుగురం కలిశాం. నవ్వుకుంటూ కూర్చున్నాం. అంతలో మాలో ఒకామె మెల్లగా చెప్పింది: "నా కొడుక్కి కూడా అట్లనే నొప్పులొస్తున్నయ్. సికిల్ సెల్ అన్నారు." ఆ మాటతో అందరి నోళ్లూ పడిపోయాయి. ఇప్పుడు మేము తల్లులం. ఒకప్పుడు మాకోసం భయపడ్డాం, ఇప్పుడు పిల్లల కోసం భయపడ్డాం.

లేచే ముందు ఒక మాట అనుకున్నాం. ఎవరికి వాళ్లు దాచుకోవద్దు, అందరం ఒకేరోజు పిల్లలతో పోయి పరీక్ష చేయించుకుందాం అని. పోయాం. డాక్టరు చెప్పిన లక్షణాలు ఒక్కొక్కటీ వింటుంటే మాకు ఆ పిల్లే కళ్లముందు మెదిలింది. ఆమెకు ఆనాడు పరీక్షే జరగలేదు. చేతబడి అన్న మాట ముందు పుట్టింది కాబట్టి రక్తం సంగతి ఎవరూ అడగలేదు.

పిల్లలూ, అక్కడ తెలుసుకున్నది మీకు చెబుతాం. ఇది అంటురోగం కాదు, శాపం కాదు. మామూలుగా ఎర్రరక్తకణం గుండ్రంగా ఉంటుంది. ఈ జబ్బులో అది కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది. నొప్పి అందుకే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే జబ్బు. ఒక్కటే ఉంటే వాహకులు, వాళ్లు మామూలుగానే బతుకుతారు. వాహకులైన పిల్లలకు మలేరియా ముదరకుండా కొంత కాపు కూడా ఉంటుంది. చలిజ్వరాల అడవుల్లో బతికిన జనాల రక్తంలో ఇది తరతరాలుగా నిలిచింది అందుకే. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి ఆదివాసీల్లో గుర్తించారు.

వాహకులైన ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ 4లో 1 వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఉంది. ఒక్కరే వాహకులై రెండోవారికి ఏ లోపమూ లేకపోతే బిడ్డకు ఈ జబ్బు రాదు.

మాలో ఇంకొకామె వాహకురాలని తేలింది. ఆమె బిడ్డ కూడా వాహకురాలే. ఆ పిల్లకు మేనమామ కొడుకుతో మాట అనుకుని ఉన్నారు. అబ్బాయికీ పరీక్ష చేయిస్తే అతడూ వాహకుడే. రెండు ఇళ్లవాళ్లూ కూర్చున్నారు. ఏడ్చారు కూడా. కానీ ఎవరూ ఎవరినీ నిందించలేదు. సంబంధం ఆగింది, చుట్టరికం ఆగలేదు. మొన్నటి దండారికి ఆ మేనమామే వచ్చి వాళ్లింట్లో భోజనం చేశాడు.

జబ్బున్న అబ్బాయి డాక్టరు చెప్పినట్టు రోజూ హైడ్రాక్సీయూరియా మాత్ర వేసుకుంటున్నాడు. నీళ్లు బాగా తాగుతాడు, చలికి తిరగడు, జ్వరమొస్తే ఆగకుండా ఆసుపత్రికి పోతాడు. నొప్పులు తగ్గాయి. బడికి పోతున్నాడు. మీ హాస్టల్లో ఇలాంటి పిల్ల ఉంటే బద్ధకమనకండి. దుప్పటి కప్పండి, వార్డెన్‌కు చెప్పండి.

2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ కింద 40 ఏళ్లలోపు వాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. మేము ఆ వయసు దాటినా అడిగి చేయించుకున్నాం. మీకు ఏ అడ్డూ లేదు. ఊళ్లో ఆశాను అడగండి, కార్డు తీసుకుని దాచుకోండి. ఇప్పటికే పెళ్లయినవాళ్లు గర్భం వచ్చిన వెంటనే డాక్టరును కలవండి.

మన పెద్దలు సంబంధం అనుకోగానే నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్లలో ఏ సగా అని అడుగుతారు. అది అడగకుండా ఏ పెళ్లీ జరగదు. దాని పక్కన ఇంకొక్క ప్రశ్న చేర్చండి: "రక్తపరీక్ష కార్డు ఏది?" అడగడానికి సిగ్గుపడొద్దు, చూపడానికి భయపడొద్దు. ఒంటరిగా పోవడానికి జంకితే మాలాగా స్నేహితులతో కలిసి పొండి.