కాగితముపై గీసిన గట్టు

ఇరుగుపొరుగు పొలముల నడుమ గట్టు తగాదా వచ్చినప్పుడు పెద్దమనుషులు ముందు దస్తావేజు చదువుదురు. పిదప పొలమునకు పోయి హద్దురాయి వెదకుదురు. దస్తావేజులో ఉన్న హద్దు నేలపై కానరాకున్నచో ఏమి చేయవలెను? అమెరికా సంయుక్త రాష్ట్రములకు వాటి తొలి అరువది ఏండ్లలో ఎదురైన చిక్కు అట్టిదే. ఆ వృత్తాంతమును నేడు శ్రోతలకు వినిపింపదలచితిమి.

1783 సెప్టెంబరు 3వ తేదీన పారిస్ నగరమున బ్రిటనుకును, దాని ఏలుబడి నుండి విడివడిన పదమూడు రాష్ట్రములకును సంధి కుదిరినది. అమెరికా పక్షమున బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ ఆడమ్స్, జాన్ జే. బ్రిటను పక్షమున డేవిడ్ హార్ట్‌లీ సంతకములు చేసిరి. మొదటి అధికరణము స్వాతంత్ర్యమును గుర్తించినది. రెండవది ఎల్లలను వర్ణించినది. ఆ ఎల్లలకు ఆధారము జాన్ మిచెల్ 1755లో ప్రకటించిన పటము. ఆ కాలమునకది గొప్ప పటమే. కాని అందలి నదులు, కొండలు అనేకము పటకర్త కనులార చూచినవి కావు.

దక్షిణపు తగవు త్వరగానే తీరినది. ఫ్లోరిడా మరల స్పెయిను చేతికి వచ్చెను. దాని ఉత్తరపుటెల్ల 31వ అక్షాంశమని అమెరికా, అంతకు పైనని స్పెయిను వాదించినవి. 1795 నాటి శాన్ లోరెంజో సంధిలో స్పెయిను 31వ అక్షాంశమునకు ఒప్పుకొని, మిసిసిపీ నదిపై పడవలు నడుపు హక్కును కూడ అమెరికనులకు ఇచ్చినది.

తూర్పున మాత్రము చిక్కు ముదిరినది. సంధి ప్రకారము అచటి ఎల్ల సెంట్ క్రాయ్ నది. తీరా చూడగా ఆ నది ఏదియో నిశ్చయముగా చెప్పగలవారు లేరైరి. తూర్పుననున్న మాగగువాడవిక్ నదియే అది యని అమెరికనులు, పడమటనున్న స్కూడిక్ నదియే అది యని బ్రిటిషువారు పట్టుపట్టిరి. జాన్ జే 1794లో కుదిర్చిన సంధి ఈ తగవును ముగ్గురు సభ్యుల సంఘమునకు అప్పగించినది. చెరియొకరు ఒక్కొక్క సభ్యుని నియమింపగా, ఆ ఇరువురును కలిసి మూడవవానిని ఎన్నుకొనిరి. ఫ్రెంచివారు 1604లో ఒక దీవిపై వలస నిలిపి దానికి సెంట్ క్రాయ్ అని పేరు పెట్టిరి. నదికి ఆ పేరు దానినుండియే వచ్చినది. 1797లో స్కూడిక్ నదిలోని దీవిని త్రవ్వి చూడగా పాత కట్టడముల పునాదులు బయల్పడినవి. మరుసటి ఏడు సంఘము స్కూడిక్ నదియే సెంట్ క్రాయ్ అని తీర్పు చెప్పినది. తుపాకులు తేల్చవలసిన మాటను పలుగు, పార తేల్చినవి.

ఆ నది మూలము నుండి ఉత్తరముగా "మెట్టనేలల" వరకు ఎల్ల సాగునని సంధి చెప్పినది. ఆ మెట్టనేలలు ఏవి? 1831లో నెదర్లాండ్సు రాజు మధ్యవర్తిగా ఇచ్చిన తీర్పును అమెరికా అంగీకరింపలేదు. 1839లో ఇరువైపుల సైనికులు సమకూడిరి. అదృష్టవశమున యుద్ధము జరుగలేదు. తుదకు 1842లో అమెరికా విదేశాంగమంత్రి డేనియల్ వెబ్‌స్టర్, బ్రిటిషు ప్రతినిధి ఆష్‌బర్టన్ ప్రభువు రాజీ కుదిర్చిరి. వివాదములోని సుమారు 12 వేల చదరపు మైళ్లలో 7 వేలు అమెరికాకును, 5 వేలు బ్రిటనుకును చెందినవి. పిదప తెలియవచ్చిన వింత యేమనగా, వెబ్‌స్టర్ చేతిలో బ్రిటను వాదమును బలపరచు పటము, లండనులో అమెరికా వాదమును బలపరచు పటము ఉండెను! ఆ రాజీతో సెంట్ జాన్ నది చాలమేర ఎల్లయైనది. మడవాస్కా ప్రాంతమున ఫ్రెంచి మాటలాడు అకేడియన్ బంధువర్గములు ఒక గట్టున బ్రిటిషు ప్రజలుగను, రెండవ గట్టున అమెరికా పౌరులుగను చీలిపోయిరి.

పడమటి పొరపాటు మరింత విచిత్రము. వుడ్స్ సరస్సు వాయవ్యపు కొన నుండి నేరుగా పడమరకు పోయినచో మిసిసిపీ నది తగులునని సంధి పలికినది. నిజమునకు ఆ నది పుట్టుచోటు సరస్సుకు దక్షిణముగా నూరు మైళ్లకు పైబడి ఉన్నది. ఆ రేఖ ఎంత దూరము సాగినను నదిని తాకదు. 1818లో ఉభయులును సరస్సు కొన నుండి 49వ అక్షాంశమునకు నిలువుగీత దించి, అటనుండి రాకీ పర్వతముల వరకు ఆ అక్షాంశమునే ఎల్లగా ఒప్పుకొనిరి. ఫలితముగా మిన్నెసోటా రాష్ట్రపు తునక యొకటి తక్కిన నేలకు దూరమై సరస్సు ఆవలి గట్టున మిగిలినది. ఈనాటికిని అచటివారు రోడ్డుమార్గమున తమ రాష్ట్రములోని ఇతర ఊళ్లకు పోవలెనన్న కెనడా దాటి పోవలసినదే.

ఈ దస్తావేజులన్నిటిలో ఒక లోటు కలదు. తరతరములుగా ఆ నేలను ఏలుకొనిన ఆదివాసుల ప్రస్తావన 1783 సంధిలో ఒక్కమాటయైనను లేదు. 1794 సంధి వారికి ఎల్ల దాటి రాకపోకలు సాగించు స్వేచ్ఛను మాటవరకు ఇచ్చినది. సెంట్ క్రాయ్ ఇరుగట్టులును పస్సమక్వాడీ జాతివారి పుట్టినిల్లు. సరిహద్దు సంఘము ఆ జాతివారి సాక్ష్యమును సేకరించినది. కాని వారినుండి అది కోరినది నది పేరు మాత్రమే. నేల ఎవరిదని అడుగుటకు ఆ సంఘమునకు అధికారము లేదు. ఆ ప్రశ్న వేయవలసినవారు పారిస్ నగరమునను వేయలేదు.