సభికధర్మము



నేడు నేను ముచ్చటింపబోవు విషయము వినిన వెంటనే మీలో కొందరికి నవ్వు రావచ్చును. అరువదియేండ్లు దాటినవాడు, అమరమును లఘుకౌముదిని వల్లించి పెరిగినవాడు, ముప్పదియైదేండ్లు పిల్లలకు సంధులు సమాసములు బోధించినవాడు, జపానుదేశపు మల్లులలో ఎవరు గెలుతురో ముందుగా ఊహించెడి యొక ఆటను నడుపుచున్నాడనగా నవ్వు రాక మానునా? నవ్వుడు. నవ్విన పిమ్మట వినుడు. ఆ ఆట నడుపుటలో నేనొక తప్పు చేసితిని. ఆ తప్పు చెప్పుకొనుటకే ఈ ప్రసంగము.

కుస్తీ మన తెలంగాణమునకు క్రొత్త గాదు. ఇందూరు ప్రాంతపు గ్రామములలో కొబ్బరికాయ కుస్తీతో మొదలుపెట్టి వెండికడియపు కుస్తీతో ముగించుట వాడుక. గోదా చుట్టును నిలిచిన జనములో జోస్యము చెప్పనివాడుండడు. “ఎఱ్ఱలంగోటివాడు కొట్టును” అని యొకడు, “కాదు, నల్లనివాని పట్టు చూడుడు” అని యింకొకడు. తీరా కుస్తీ ముగిసిన తరువాత విచారించినచో, ఓడినవాని పక్షమున మాటలాడినవాడు ఒక్కడును కానరాడు! అందరును గెలిచినవానినే ముందుగా చెప్పియుందురు.

ఇది కుస్తీకే పరిమితమా? 1989వ సంవత్సరపు శాసనసభ ఎన్నికలలో అప్పటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావుగారు మా కల్వకుర్తినుండి నిలిచిరి. వారి గెలుపు తథ్యమని మా వీధివారందరు నిశ్చయించుకొనిరి. గెలిచినవారు చిత్తరంజన్ దాసుగారు. ఫలితము వెలువడిన మరునాడు బస్టాండు కడ హోటలులో టీ త్రాగుచున్న ప్రతివాడును “నేను ముందే చెప్పితిని” అనువాడే. అప్పుడు నాకొక సత్యము తోచినది. ఊహకు విలువ యుండవలెనన్న, ఫలితమునకు ముందే అది కాగితముపై పడవలెను. వ్రాసి యుంచని జోస్యము జోస్యము గాదు, ముచ్చట.

ఇక జపాను కుస్తీని గూర్చి కొంచెము చెప్పెదను. దానిని సుమో యందురు. మట్టితో కట్టిన తిన్నెపై వరిగడ్డి మూటలతో గుర్తించిన గుండ్రని బరి యుండును. దాని అడ్డుకొలత 4.55 మీటర్లు. మల్లులు బరిలో ఉప్పు చల్లి శుద్ధి చేసి తలపడుదురు. బరి దాటి యడుగు పెట్టినవాడును, అరికాలు తప్ప మరియే యంగమైనను నేలకు తాకించినవాడును ఓడినట్లు. మన కుస్తీలోవలె వెల్లకిల పడవేయవలసిన పని లేదు. బరువును బట్టి జోడు కట్టుటయు లేదు. కొండవంటివాని యెదుట బక్కవాడు నిలుచుటయు కలదు, గెలుచుటయు కలదు. ఏటికి ఆరు పోటీలు జరుగును. ఒక్కొక్కటి 15 దినములు. మేటి తరగతిలో 42 మంది మల్లులుందురు. ఒక్కొక్కడు దినమున కొక్కసారి మాత్రమే తలపడును. 8 గెలుపులు సాధించినవాడు సాధారణముగా మెట్టెక్కును. అంతకు తగ్గినవాడు దిగును.

ఊహల ఆటకు ఇంతకన్న అనువైన క్రీడ వేరొకటి లేదు. జోడులు ముందుగనే ప్రకటింపబడును. ఒక్కొక్క కుస్తీ కొన్ని క్షణములలో ముగియును. గెలుపో ఓటమియో తప్ప సమమన్న మాట లేదు. అందుచేతనే పెక్కు దేశముల అభిమానులు అంతర్జాలము ద్వారా ఒకరి నొకరు చూడకయే ఇట్టి ఆటలాడుచున్నారు. జపానులో కొలువు చేయుచున్న నా పూర్వశిష్యు డొకడు సెలవులకు వచ్చి, ఫోనులో నాకీ కుస్తీలు చూపి, “సారూ, మనమూ ఆడుదాం. లెక్క మీరు రాయండి” అనెను. అట్లు మొదలైనది. ఇప్పుడు మేము పండ్రెండుగురము. ఒకడు హైదరాబాదులో ఉద్యోగి, ఒకడు శ్రీశైలము బాటమీద ఆటో నడుపువాడు, ఒకతె అంగనవాడి ఉపాధ్యాయిని, ఒకడు పత్తిరైతు. అందరును ఒకప్పుడు నా యెదుట పలకలు పట్టినవారే.

మా నియమములు సులభమైనవి. దినమునకు పది జోడులు నేను నిర్ణయింతును. గెలుచునని తోచిన పది పేర్లను ప్రతివాడును ఫోనులో పంపవలెను. పేరు సరిపడిన ఒక గుర్తు. 15 దినములకు 150 గుర్తులు. మల్లుడు గాయపడి బరికి రానిచో ఎదిరికి ఊరకయే గెలుపు దక్కును గదా, ఆ జోడు మా లెక్కలో చేరదు. ఏలయన అది ఊహ గాదు, అదృష్టము. ఇద్దరు సమమైనచో చివరిదినమున హెచ్చు గుర్తులు పొందినవాడు విజేత. అన్నింటికన్న ముఖ్యమైనది గడువు. జపాను గడియారము మనకన్న మూడున్నర గంటలు ముందు. అక్కడ సాయంకాలము నాలుగు దాటి మేటి కుస్తీలు మొదలగుసరికి ఇక్కడ పగలు పండ్రెండున్నర. కావున పండ్రెండు కొట్టినపిదప వచ్చిన పేరు చెల్లదు. విజేతకు బహుమానము ఒక కొబ్బరికాయ.

కొబ్బరికాయయే ఏల యని మీరడుగవచ్చును. దీనికి శాస్త్రమును కొంత తడవవలసియున్నది. పాచికలవంటి ప్రాణములేని వస్తువులతో ఆడునది ద్యూతమనియు, ప్రాణులను పోరించి ఆడునది సమాహ్వయమనియు మనువు విభజించి, రెంటిని నిషేధించెను. యాజ్ఞవల్క్యుడు మాత్రము రాజు ఎఱుకలో నియమబద్ధముగా జరుగనిచ్చెను. ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యానము వ్రాసిన విజ్ఞానేశ్వరుడు సమాహ్వయమును వివరించుచు పొట్టేళ్లతో దున్నపోతులతో పాటు మల్లులను పేర్కొనెను. ఆయన కల్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుని కాలమువాడు. ఆ చక్రవర్తి కుమారుడు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసములో మల్లవినోదమని యొక ప్రకరణమే కలదు. ఆ దినములలో మన పాలమూరు నల్లగొండ సీమల నేలిన కందూరు చోడులు ఆ కల్యాణి ప్రభువులకు సామంతులు. కాబట్టి మల్లులను జూచి ఊహించు వేడుక మన నేలకు పరాయిది గాదు.

ఆ ధర్మశాస్త్రమున నన్ను పట్టి నిలిపిన మాట యొకటి కలదు. ఆట నడుపువానికి సభికుడని పేరు. ఓడినవానినుండి రాబట్టి గెలిచినవానికి ముట్టజెప్పుట అతని పని. అంతేకాదు. అతడు సత్యము పలుకవలెననియు, ఓర్పు గలవాడై యుండవలెననియు యాజ్ఞవల్క్యుని శాసనము. ఆడువానికి నేర్పు కావలెను. ఆడించువానికి సత్యమును ఓర్పును కావలెను. సభికుడు సత్యము తప్పిన ఏమగునో భాగవతము చెప్పుచున్నది. బలరాముడును రుక్మియు పాచికలాడిరి. బలరాముడు గెలిచిన పందెమును రుక్మి తనదనెను. సభలో నున్న రాజులలో నిజము చెప్పినవాడొక్కడును లేడు. ఆకాశవాణి పలుకవలసివచ్చెను. రుక్మి దానిని గూడ లెక్కచేయలేదు. చివరకు అతని ప్రాణమే పోయినది. ఆ సభలో నిజాయితీగా లెక్క వ్రాయువాడొక్కడుండిన అంత రక్తము చిందకపోయెడిది.

ఇట్టి కథలు పిల్లలకు బోధించినవాడను నేను. ఇక నా తప్పు వినుడు.

2024 మార్చి మాసమున ఒసాకాలో జరిగిన పోటీ అది. టకేరుఫుజి యను యువకుడు మేటి తరగతికి అప్పుడే క్రొత్తగా ఎక్కినవాడు. పట్టికలో చిట్టచివరి మెట్టువాడు. అట్టివాడు అందరిని మించి ముందు నిలిచెను. 14వ దినమున ఓడి, కాలికి గాయము తగిలి, ఆసుపత్రికి పోవలసివచ్చెను. చివరిదినమున బరికి వచ్చునా రాడా? వచ్చినను నిలువగలడా? ఆ రాత్రి మా పండ్రెండుగురిలో నిదురపోయినవారు తక్కువ. 24వ తేదీ ఆదివారము. అతడు కట్టుకట్టిన కాలితో వచ్చెను, గెలిచెను. మేటి తరగతిలో అడుగిడిన తొలి పోటీలోనే విజేత యగుట 1914 తరువాత అదే మొదలు. 110 యేండ్లు!

మాలో పెక్కుమంది అతని ఎదిరినే ఎన్నుకొనిరి. ఆటో నడుపు శిష్యుడును అట్లే చేసెను. అయినను మొత్తపు గుర్తులలో అతడే ముందున్నాడు. ఇంతలో, అక్కడి కుస్తీలు దాదాపు ముగియు వేళకు, హైదరాబాదు శిష్యునినుండి పది పేర్లు వచ్చినవి. అందు టకేరుఫుజి పేరు కలదు. “పొద్దునే పంపిన సారూ, సిగ్నలు లేక పోలేదు” అనెను. అతడు బడిలో మొదటి బల్లమీద కూర్చున్నవాడు. ఛందస్సులో నూటికి నూరు తెచ్చుకొన్నవాడు. అతడు అబద్ధమాడునా యని, గడువులోపల వచ్చినట్లే పుస్తకమున వ్రాసితిని. ఒక్క గుర్తు తేడాతో కొబ్బరికాయ అతనిదైనది.

ఆ రాత్రి ఆటోవాడు ఇంటికి వచ్చెను. గొంతు పెంచలేదు. అరుగుమీద కూర్చుండి, “సారూ, మొన్న నాది ఐదు నిమిషాలు లేటయితె మీరు తీస్కోలేదు గద. నేను బండిమీద ఉన్నననంటె, గడువు గడువేరా అన్నరు. అది సరే అనుకున్న. మరి గడువు నా ఒక్కనికేనా?” అనెను. శ్రోతలారా, నాకు బదులు దొరకలేదు. ఒక్క కొబ్బరికాయకై అతడు రాలేదు. అతడు చివరిబల్ల వాడు. ఇరువదియేండ్ల నాడు తరగతిలో నేనేమి చేసియుంటినో, ఆ రాత్రియు అదే చేసితిని. మొదటిబల్లవాని మాట సాక్ష్యము, చివరిబల్లవాని మాట సాకు! హైదరాబాదువాడు నిజమే చెప్పియుండవచ్చును. కాని నియమమునకు వాడు సత్యవంతుడా కాడా యను విచారము లేదు. ఎవరి సత్యమును తూచవలసిన పని లేకుండ చేయుటకే గడువు ఏర్పడినది.

మరునాడు పండ్రెండుగురికిని నా తప్పు వ్రాసి పంపితిని. ఆ పేర్లను కొట్టివేసితిని. కొబ్బరికాయ ఆటోవాని చేతికిచ్చితిని. తరువాతి పోటీకి సభికత్వము నాకు వద్దని, పుస్తకమును కలమును అతనికే అప్పగించితిని. హైదరాబాదువాడు రెండునాళ్లు మౌనముగా నుండి, పిదప “సారూ, నియమమే సరి” అని వ్రాసెను. ఆ పోటీలో నావి ఒక దినము ఏడు నిమిషములు ఆలస్యమైనవి. క్రొత్త సభికుడు వానిని నిర్దాక్షిణ్యముగా త్రోసివేసెను. నా జీవితమున నేనంత సంతోషముతో పొందిన సున్న మరియొకటి లేదు.

ఒకసారి ఒక శిష్యుడు “తలా వంద వేసుకొందము, ఆట రక్తి కట్టును” అనెను. నేను వలదంటిని. కొబ్బరికాయ దగ్గరనే నా లెక్క ఇట్లు తప్పినదే, అచ్చట రూపాయలుండిన ఏమయ్యెడిది? సుమో మల్లులకే ఈ గతి పట్టినది. 2010లో పలువురు మల్లులు బేస్‌బాల్ ఆటపై అక్రమముగా పందెములు కాసిరని బయటపడినది. ఆ విచారణలో దొరికిన ఫోను సందేశములవలన కొందరు కుస్తీలనే ముందుగా కుదుర్చుకొనుచున్నట్లు తెలిసినది. 2011 మార్చి పోటీ రద్దయినది. పందెము ఆటచుట్టు మొదలై ఆటలోపలికి ప్రాకినది. మన తెలంగాణములో 2017లోనే జూదపు చట్టమును సవరించి అంతర్జాలపు డబ్బాటలను నిషేధించిరి. 2025లో పార్లమెంటు దేశమంతటికి అట్టి చట్టము చేసినది. చట్టము మాట అటుంచి, ఫోనులో పందెమాడి అప్పుల పాలైన ఇండ్లు మీ ఊరిలో లేవా? ఊహించుట మనుష్యుని సహజమైన వేడుక. దానిని చంపనక్కరలేదు, అమ్ముకొనకూడదు.

చివరగా ఒక్క మాట. సుమోలో అందరికంటె పెద్ద మధ్యవర్తి నడుమున చిన్న కత్తి ధరించి బరికి వచ్చును. తీర్పు తప్పిన ప్రాణము విడుచుటకైన సిద్ధమని దాని భావము. నేడు ఎవరును ప్రాణములు విడువరు, విడువనక్కరలేదు. 1969 మార్చిలో తైహో యను మహామల్లుని 45 వరుస విజయములు తప్పుడు తీర్పుతో ముగిసినవి. ఎదిరి కాలే ముందుగా బరి దాటినదని పిదప చిత్రములు చూపినవి. ఆ తరువాతి పోటీనుండియే నిర్ణేతలు చలనచిత్రమును చూచి తీర్పు చెప్పుట మొదలిడిరి. తప్పు జరిగిన పిమ్మట పద్ధతి మార్చుకొనుటయే మేలైన ప్రాయశ్చిత్తము.

మీలో పంచాయతీలో పేర్లు వ్రాయువారుందురు, సంఘములో లెక్క వ్రాయువారుందురు, బడిలో మార్కులు వేయువారుందురు. మీరందరు సభికులే. చివరిబల్లవాడు ఏదో యొక రాత్రి మీ అరుగుమీదికి రాకమునుపే మీ పుస్తకమును ఒకసారి తెరచి చూచుకొనుడు.

సెలవు.